చంపకూడదు గానీ పారబోయొచ్చు

శ్రావణంలో మొదటి వాన కురిసిన మర్నాడు పొద్దున్నే ధాపూ ఓణీ నడుముకు బిగించి, రొట్టెల పట్టకారు చేతబట్టి, మధ్యాహ్నానికల్లా ముందుగదిలో ఒక్క పురుగు కూడా లేకుండా చేయాలని తీర్మానించుకుంది. మంచి తీర్మానమే. ఆ సంగతి పురుగులకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఫలోదీ దాటాక రోడ్డు వదిలేసి ఇసుకలో పడి పోతే వచ్చే బిష్ణోయీల ధాణీ అది. పొలాల మధ్య కొన్ని ఇళ్ళు, ఇంటింటికీ ముళ్ళకంచె, కంచె పక్కన జమ్మిచెట్టు. ఏడాది పొడుగునా ఆ జనం చినుకు కోసం పైకి చూస్తూ బతుకుతారు. చినుకు పడిందా, ఇక కిందికి చూస్తూ నడుస్తారు. ఎందుకంటే వాన నీళ్ళు ముందుగా దిగేది బొరియల్లోకి. అందులో కాపురముండే తేళ్ళు, జెర్రులు, పేరు తెలియని ఎనిమిది కాళ్ళవాళ్ళు ఉన్నపళంగా బయటపడి, మెరకగా, పొడిగా, చీకటిగా ఉండే చోటు వెతుక్కుంటాయి. అంటే మనిషి ఇల్లు.

వేరే చోటైతే చెప్పు తీసి ఒక్కటేస్తారు, కథ అక్కడికి సరి. ఇక్కడ కుదరదు. బిష్ణోయీ ఇంట్లో ప్రాణం తీయరు. పొయ్యిలో పెట్టే కట్టెను కూడా నేలకేసి దులిపి, పురుగుందేమో చూసి పెట్టే జనం. ధాపూ అత్త ఇమర్తీ అయితే దులిపిన కట్టెను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని మరీ పొయ్యిలోకి పంపేది.

"ఏం వినపడుతుందత్తా?" అని ధాపూ ఒకసారి అడిగింది.

"ఏమీ వినపడకపోతేనే మంట పెట్టాలి," అంది ఇమర్తీ.

ఆ రోజు మధ్యాహ్నం పాడి సంఘం నుంచి పారీక్ మేడమ్ వస్తోంది. ధాణీకి పాలకేంద్రం ఇవ్వడమా మానడమా అన్నది ఆమె చేతిలో పని. ఇన్నాళ్ళూ పాలు కొనేవాడు మోటారు సైకిలు మీద వచ్చి, క్యానులో చూపుడువేలు ముంచి, పైకెత్తి, వెలుగుకు పెట్టి చూసి, "పలచన" అనేవాడు. ఎవరి పాలైనా పలచనే. ఆవు ఎంత చిక్కగా ఇచ్చినా వాడి వేలి దగ్గరికొచ్చేసరికి నీళ్ళయిపోయేవి. ఆ వేలంటే ధాపూకి ఒళ్ళుమంట. అందుకే ఫలోదీ వెళ్ళి, వెన్న శాతం చూసే మిషన్ నడపడం నేర్చుకుని వచ్చింది. చీకట్లో లేచి పాలు పితికేది ఆడవాళ్ళు, చిక్కనో పలచనో తేల్చేది ఎవడిదో వేలు! ఈ అన్యాయానికి ఆమె దగ్గర ఒకటే మందు. ఆ మిషన్ ఈ ధాణీకి రావాలి, దాని మీట తన చేతి కింద ఉండాలి.

మేడమ్ షరతు సూటిగా చెప్పింది. గదిలో పురుగూ పుట్రా కనబడకూడదు. పురుగుల మందు వాసన అసలే రాకూడదు, పాలు ఆ వాసన లాగేస్తాయి. గది బాగుందా, కేంద్రం ధాపూది. బాగా లేదా, పక్కింటి రిడ్మల్ గది చూస్తుంది. అదీ కాదా, పై ఊరికి ఇచ్చేసి జీపెక్కుతుంది.

రిడ్మల్ అంటే ధాపూ మొగుడు ఖమూరాంకి పెదనాన్న కొడుకు. ధాపూ ఫలోదీ వెళ్ళొచ్చిందని తెలియగానే, తన పెళ్ళాం కేసీ పేరున తనూ ఒక అర్జీ పడేశాడు. వేలిముద్ర కేసీది, పెత్తనం రిడ్మల్‌ది. ఆ రోజు నుంచీ రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. "పోటీ తేలేదాకా ఆ ఇంటివాళ్ళతో మాట్లాడకు" అని ఇక్కడ ఖమూరాం ధాపూకి చెప్పాడు, అక్కడ రిడ్మల్ కేసీకి చెప్పాడు. ఒకే నీళ్ళకుండీలో చేద వేసే తోడికోడళ్ళు ఒకరొచ్చే వేళకి ఇంకొకరు రాకుండా చూసుకోవడం నేర్చుకున్నారు. మగవాళ్ళు పోటీ పడితే నోళ్ళు కట్టేసుకోవలసింది ఆడవాళ్ళే, ఎక్కడైనా.

సరే, ధాపూ పనిలోకి దిగింది. గోడకు ఆనించిన కట్టెల మోపులన్నీ దూరంగా మోయించింది, తేళ్ళకు అవి సత్రాలు. గదిలో బల్బు పీకించి పెరట్లో గుంజకు కట్టించింది, రెక్కలున్నవి అక్కడే తిరుగుతాయని. కిటికీలు మూసి గోనెలు కట్టింది. గోడల బీటలు పేడా మట్టీ కలిపి మూసింది. గోడల అంచున సున్నం కొట్టింది. మూలమూలా వేపాకు పొగ వేసింది. పొగకు అత్తగారు కూడా బయటికి వచ్చింది. తర్వాత గోనెల కింద, చాటల వెనక, చెప్పుల్లో దాక్కున్నవాటిని ఒక్కొక్కటిగా పట్టకారుతో తోకపట్టి, నున్నటి రాగి బిందెలో వేసింది.

"ఆ పట్టకారుతోనే కదే మధ్యాహ్నం రొట్టెలు తిప్పుతావు!" అంది ఇమర్తీ.

"కడుగుతానత్తా."

"కడిగితే పోతుందా? తేలుకు గుర్తుంటుంది."

ధాపూ బిందె మీద మూత పెట్టి, మంచం మీద ఇంకా కళ్ళు నులుముకుంటున్న మొగుడి చేతికిచ్చింది. "ఏమయ్యా, తీసుకెళ్ళి పెద్దదిబ్బ అవతల వదిలిపెట్టు."

"దిబ్బ అవతలకా! ఇవతల వదిలితే ఏం? తేలుకి దూరం తెలుస్తుందా?"

"తేలుకి తెలియదు, నాకు తెలుసు. లే."

ఖమూరాం బిందె చంకనెత్తుకుని వెళ్ళాడు. పొయ్యి మీద టీ ఒక పొంగు రాకముందే తిరిగొచ్చాడు.

"అప్పుడే వచ్చేశావేం?"

"గబగబా నడిచాను."

ఖమూరాం పుట్టి బుద్ధెరిగాక గబగబా నడిచినట్టు ఎవరూ చెప్పుకోలేదు. కానీ ధాపూకి దాన్ని తరచి చూసే తీరిక లేదు. గది చిమ్మి, అలికి, గుమ్మంలో బూడిద గీత గీసి, ఒక్క క్షణం నడుము వాల్చి లేచి చూసేసరికి తూము దగ్గర ఒక తేలు. చాట వెనక ఇంకొకటి. గోనె కింద ఒక కుటుంబం.

ఇక్కడ ఇంకొకరైతే నెత్తి కొట్టుకునేవాళ్ళు. ధాపూ మాత్రం గొంతుక్కూర్చుని వాటిని చూడసాగింది. ఆమెకి చిరాకు కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. ఎక్కడినుంచి వస్తున్నాయి ఇవి? భూమి కింద ఇంత జనాభా ఉందా? లేక పంపినవే వస్తున్నాయా? పంపినవే అయితే దిబ్బ అవతల నుంచి ఇంత తొందరగా ఎలా నడిచాయి? ఒక తేలు మరో తేలులాగే ఉంటుంది, ముఖం చూసి పోల్చుకునేదేం లేదు. ఆమె లేచి వెళ్ళి, గోడకు కొట్టగా మిగిలిన సున్నపు ముంతా ఒక చీపురుపుల్లా తెచ్చింది.

ఇమర్తీ తొంగి చూసింది. "ఏం చేస్తున్నావే?"

"బొట్టు పెడుతున్నా."

"తేలుకా?"

"పోయినవే తిరిగొస్తున్నాయో, కొత్తవి వస్తున్నాయో చూద్దామని. పోయినవే అయితే వచ్చే దారి మూయాలి. కొత్తవైతే..."

"కొత్తవైతే?"

"కొత్తవైతే ఇల్లు వాటికి రాసిచ్చి మనం బొరియల్లోకి పోవాలి."

పట్టకారుతో పట్టి, ఒక్కోదాని వీపు మీద తెల్లగా ఒక చుక్క పెట్టి, బిందెలో వేసి, మళ్ళీ మొగుడికిచ్చింది. "ఈసారి నిజంగా దిబ్బ అవతల." ఖమూరాం చాలా నొచ్చుకున్న ముఖం పెట్టాడు. తిరిగొచ్చాక ఖాళీ బిందె గుమ్మంలో పెట్టి, కూర్చోకుండానే పొలానికని వెళ్ళిపోయాడు.

ఎండ కొంచెం ఎక్కిందో లేదో, తూములోంచి ఒక తేలు తాపీగా, సొంతింటికి వచ్చినట్టు లోపలికి వచ్చింది. వీపు మీద తెల్లచుక్క ఉంది. ధాపూ గుండె ఎగిరింది, పట్టుకున్నాను దొంగనని. కానీ దగ్గరకి వంగి చూస్తే తెల్లచుక్క పక్కనే ఎర్రగా ఇంకో చుక్క. గోడలకు పూసే జాజు. ఎవరో పనిగట్టుకుని, సమంగా, చక్కగా పెట్టిన చుక్క.

"అత్తా! ఇలా రా. సున్నంతో పంపితే జాజు కూడా పెట్టించుకుని వచ్చింది."

ఇమర్తీ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "పెళ్ళికెళ్ళొచ్చినట్టుంది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇది మామూలు తేలు కాదే పిల్లా. ఎక్కడికో పోయి ఎవరో పెద్దల చేత బొట్టు పెట్టించుకుని మన గుమ్మానికే వచ్చింది," అంది.

"బొట్టు పెట్టింది నేనే కదత్తా."

"తెల్లది నువ్వు పెట్టావు. ఎర్రది?"

ఆ జవాబు వెతకడానికి ధాపూ బయల్దేరింది. తేలుని పళ్ళెంలో పెట్టి మీద జల్లెడ బోర్లించి, "మేడమ్ వచ్చేదాకా గది తలుపు తీయకు. ఎవరికీ చెప్పకు," అని అత్తకి చెప్పింది. ఆ రెండో మాట అనకుండా ఉండవలసింది. ఎవరికీ చెప్పకు అంటే తప్ప ఇమర్తీకి ఏ విషయమూ చెప్పదగ్గదిగా తోచదు.

వాన తాగిన ఇసుక పలకలా ఉంటుంది. ఆ నేల మీద పుట్టినవాళ్ళకి అక్షరం కంటే ముందు అడుగు చదవడం వస్తుంది. తప్పిపోయిన ఒంటెనూ, తప్పించుకున్న దొంగనూ అడుగు చూసి పట్టుకునే జనం. మొగుడి అడుగు ధాపూకి తెలియదా? ఎడమ చెప్పు ఈడ్చిన గీత గుమ్మం నుంచి మొదలైంది. దిబ్బ వైపు నాలుగు అంగలు వేసింది, అదీ ఇంట్లోవాళ్ళు చూస్తారని. అక్కడినుంచి మెల్లగా పక్కకి తిరిగి, రిడ్మల్ ఇంటి కంచె దగ్గర ఆగింది. ఆగిన చోట రెండు పాదాలూ బాగా దిగబడ్డాయి. అంటే బరువు ఎత్తి అవతలికి వంచాడన్నమాట. అవతల రిడ్మల్ కట్టెల మోపు.

"ఓరి నీ..." అని తిట్టు పూర్తి చేయబోతుంటే కంచె అవతల నుంచి ఇంకెవరో సరిగ్గా అదే తిట్టు పూర్తి చేశారు.

కేసీ. ఆవిడా నేల చూసుకుంటూ వస్తోంది, చేతిలో పట్టకారుతో. ఆవిడ చదువుతున్నది రిడ్మల్ అడుగు. ఆ అడుగు వాళ్ళ గడపలోంచి బయల్దేరి, కంచె చుట్టూ తిరిగి, ధాపూ ఇంటి వెనకగోడ దాకా పోయి, తూము దగ్గర ఆగింది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మాట్లాడుకోకూడదు. ముందు పెద్దావిడైన కేసీయే తెగించింది.

"నీ వేళ్ళకి ఆ సున్నమేంటే?"

"నీ వేళ్ళకి ఆ జాజేంటక్కా?"

"పోయినవే వస్తున్నాయో, కొత్తవి వస్తున్నాయో చూద్దామని..." అని కేసీ మొదలుపెట్టి, సగంలో ఆగి, పమిట నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. ధాపూకి కంచె పట్టుకుంటే తప్ప నిలబడటం కష్టమైంది. ముళ్ళు గుచ్చుకున్నా నవ్వింది. పొద్దుటినుంచీ ఆడవాళ్ళిద్దరూ పట్టడం, మగవాళ్ళిద్దరూ పారబోయడం. తేళ్ళు పాపం నడిచి నడిచి అరిగిపోతున్నాయి.

"తెల్లబొట్టు తేలు వస్తే మా ఆయన ఏమన్నాడో తెలుసా? ముసలిదయిపోయింది, వెంట్రుక నెరిసింది అన్నాడు," అంది కేసీ.

"ఇంతకీ మీ ఆయన ఎక్కడ?"

"పొలానికి పోయాడు. మీ ఆయన?"

"పొలానికే."

ఇద్దరూ నేలకేసి చూశారు. రెండు జతల అడుగులూ పొలం వైపు పోలేదు. రెండూ కలిసి, పక్కపక్కన, స్నేహంగా, కోట్డీ వైపు పోయాయి.

కోట్డీ అంటే మగవాళ్ళు కూర్చునే గది. అన్నదమ్ములిద్దరూ పోయిన ఏడు ఉమ్మడిగా, రెండిళ్ళకూ మధ్య మెరక మీద కట్టుకున్నారు. ఆడవాళ్ళు వండే గదులకి మట్టిగోడ చాలు. మగవాళ్ళు కూర్చునే గదికి మాత్రం ఎత్తైన అరుగు, సిమెంటు నేల, కిటికీలకి జాలీ, బయట గోడకి మోకాలెత్తు దాకా నున్నటి టైల్స్. ఫలోదీలో ఎవరి ఇంటికో అలా ఉంటే చూసి ముచ్చటపడ్డారు.

లోపల ఒకే మంచం మీద ఖమూరాం, రిడ్మల్ కాళ్ళు చాపుకుని, టీ గ్లాసులు పట్టుకుని ఉన్నారు. ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయింది ఆడవాళ్ళకే అని, మగవాళ్ళకి ఆ నియమం ఎప్పుడూ లేదని అప్పుడు తెలిసింది తోడికోడళ్ళకి.

రిడ్మల్ ధాపూకి బావగారు. అతని ఎదుట ఆమె ముసుగు దించుకోవాలి, నేరుగా మాట్లాడకూడదు. ఆమె ముసుగు గడ్డం దాకా లాగి, గోడవైపు తిరిగింది.

"ఓ గోడా! మా బావగారిని అడుగు, మా తూములో తేళ్ళు పోసింది ఎవరో."

రిడ్మల్ కూడా గోడకే జవాబిచ్చాడు. "గోడా, మరదలితో చెప్పు, నేనెవరింట్లో పోయలేదు. గోడ పక్కన వదిలాను. అవి ఎటు పోతే నాకేం సంబంధం? వాటికి స్వేచ్ఛ ఉంది."

కేసీకి గోడ అక్కర్లేదు. మొగుణ్ణీ మరిదినీ నేరుగా తిట్టొచ్చు. "ఏరా ఖమూ! దిబ్బ అవతలికి పొమ్మంటే మా కట్టెల మోపు మీద పోస్తావా? నీ దిబ్బ మా ఇల్లేనా?"

"వదినా, చంపలేదుగా!" అన్నాడు ఖమూరాం, గ్లాసు వదలకుండా. "ధర్మం తప్పలేదు. ఒక్క ప్రాణికీ హాని చేయలేదు."

"చంపకపోతే సరిపోయిందా? ధర్మమంటే పక్కింట్లో పారబోయడమా?"

"అంటే నువ్వు మా ఇంట్లో పోస్తున్నావా?" అని రిడ్మల్ తమ్ముడివైపు తిరిగాడు.

"నువ్వు మా ఇంట్లో పోస్తున్నావా అన్నా?" అన్నాడు ఖమూరాం. ఇద్దరికీ నిజంగానే బాధ కలిగింది. పొద్దుటినుంచీ పక్కపక్కన కూర్చుని టీ తాగుతూ కూడా ఒకడి పని ఒకడికి తెలియకుండా దాచుకున్నారు మరి.

ఆ బాధ తీరకముందే ధాపూ ఇంటివైపు నుంచి పాట వినిపించింది. చాలామంది ఆడవాళ్ళు కలిసి పాడుతున్న పాట. ధాపూ ముసుగులోనే పరుగెత్తింది, వెనకాలే మిగతా ముగ్గురూ.

ముందుగది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గదినిండా ఆడవాళ్ళు. మధ్యలో పీట, పీట మీద పళ్ళెం, పళ్ళెంలో జల్లెడ కింద రెండు బొట్ల తేలు. దాని ముందు బెల్లం, కొబ్బరిచెక్కలు, వెలుగుతున్న నేతిదీపం. ఇమర్తీ పక్కన కూర్చుని వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెబుతోంది. "వీపు మీద రెండు బొట్లు. ఒకటి ఈ లోకానిది, ఒకటి ఆ లోకానిది."

"మన ధర్మం చెప్పిన గురువుగారు విగ్రహాలే వద్దన్నారు, నువ్వు తేలుని కూర్చోబెట్టావా ఇమర్తీ?" అంటోంది ఒక ముసలావిడ. అంటూనే బెల్లం ముక్క పెట్టింది, ఎందుకైనా మంచిదని.

బెల్లం వాసనకి చీమలు అప్పటికే బారు కట్టాయి. కిటికీలు మూసిన చీకటి గదిలో దీపం వెలిగితే ఇంకేముంది, తడిసిన నేలలోంచి లేచిన ఉసిళ్ళు గుంపులు గుంపులుగా తలుపులోంచి వచ్చి దీపం చుట్టూ తిరుగుతూ, రెక్కలు రాల్చి, ఆడవాళ్ళ తలల మీద, కొబ్బరి మీద, అలికిన నేల మీద పడుతున్నాయి. వాటిని తినడానికి బల్లులు వచ్చాయి. బూడిద గీతను ఊరందరి కాళ్ళూ కలిసి చెరిపేశాయి. పొద్దున ధాపూ బయటికి పంపినవన్నీ చుట్టాలను తీసుకుని మరీ వచ్చినట్టుంది.

"అత్తా! ఎవరికీ చెప్పకన్నాను కదా!"

"నేనెవరికీ చెప్పలేదే. పక్కింటి పిల్లకి చెప్పాను, అంతే. అది చెప్పింది," అంది ఇమర్తీ.

బయట జీపు ఆగిన చప్పుడైంది.

పారీక్ మేడమ్ గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఒక ఉసిలి ఆమె కళ్ళజోడు మీదే వాలింది. "ఇదేనా గది?" అంది.

"ఇదే మేడమ్. పొద్దున ఇలా లేదు," అంది ధాపూ.

"పొద్దున ఎలా ఉందో నేను చూడలేదు కదమ్మా. ఆ పళ్ళెంలో ఏముంది?"

ఇమర్తీ భక్తిగా జల్లెడ ఎత్తింది. మేడమ్ రెండడుగులు వెనక్కి వేసింది. "దీనికి రంగులెందుకు వేశారు?"

"ఎక్కడినుంచి వస్తున్నాయో చూద్దామని," అంది ధాపూ నిజమే చెబుతూ.

"చూశారా?"

"చూశాను మేడమ్."

"ఎక్కడినుంచి?"

ధాపూ ముసుగులోంచి మొగుడివైపు చూసింది. ఖమూరాం జమ్మిచెట్టు వైపు చూశాడు.

రిడ్మల్ మాత్రం ఇదే అదనుగా ముందుకొచ్చాడు. "మేడమ్, మా గది చూడండి. తలుపు కింద సందు కూడా లేకుండా గోనెసంచి తడిపి కుక్కాను. చీమైనా దూరదు." నవ్వుతూ తీసుకెళ్ళి, గర్వంగా తలుపు తోశాడు. తోసేసరికి తడి గోనె విప్పుకుంది. మధ్యాహ్నపు ఎండ తప్పించుకునే తేలుకి చల్లటి గోనె చీకటి కంటే మంచి ఇల్లు దొరుకుతుందా? ఖమూరాం కట్టెల మోపు మీద పోసినవాటిలో సగం ఆ గోనె మడతల్లో ఉన్నాయి. కొన్నిటికి వీపు మీద తెల్లబొట్టు.

"ఇక్కడా రంగులే," అంది మేడమ్. చేతిలోని సంచీ భుజానికి తగిలించుకుంది. "సరేనమ్మా. మీ శ్రద్ధ బాగుంది. కానీ తేళ్ళ మధ్య పాలు పెట్టించలేను. పై ఊళ్ళో గది చూస్తాను."

చూపుడువేలు ఒకటి ధాపూ కళ్ళముందు క్యానులోంచి పైకి లేచింది. పలచన. రేపు కూడా పలచన. ఎల్లుండి కూడా. ఫలోదీలో నేర్చుకున్నది, మూసిన బీటలు, కొట్టిన సున్నం, అంతా ఇద్దరు మగవాళ్ళు దిబ్బ దాకా నడవడానికి బద్ధకించినందువల్ల బూడిదలో పోసిన పన్నీరయింది. ఆమె ఏడవలేదు. ఏడుపు కంటే పెద్దదేదో వచ్చి నిలబడింది.

మేడమ్ జీపు దాకా పోలేదు. వాన ముందు చెప్పి రాలేదు, ఆ దేశంలో ఎప్పుడూ చెప్పి రాదు. ఒక్కసారిగా చేటలతో కుమ్మరించినట్టు దిగింది. ఎదురుగా కనబడ్డ మెరక మీదికి, కోట్డీలోకి అందరూ పరుగెత్తారు. మేడమ్ మంచం మీద కూర్చుని, తల తుడుచుకుంటూ, పనిలేని కళ్ళతో చుట్టూ చూసింది. మూలల్లో చూసింది. మంచం కింద వంగి చూసింది. దిండు ఎత్తి దులిపింది. లేచి గుమ్మం దగ్గరకి పోయి, బయట గోడను చూసింది. వరదలో కొట్టుకొచ్చిన తేలొకటి ఆ నున్నటి టైల్స్ ఎక్కబోయి జారింది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది.

"ఈ గది ఎవరిది?" అంది మేడమ్.

"మాది," అన్నారు మగవాళ్ళిద్దరూ. ఆ క్షణంలో వాళ్ళ గొంతుల్లో గర్వం తప్ప అనుమానం లేదు.

"ఇక్కడ ఒక్క పురుగు లేదే! ఒక్క చీమ లేదు. ఎలా?"

మగవాళ్ళకి నిజంగా తెలియదు. వాళ్ళెప్పుడూ ఆలోచించలేదు. కేసీ చెప్పింది.

"ఇక్కడ గింజ దంచరు మేడమ్. కట్టె పెట్టరు, పాలు పొంగించరు, పిల్లలు రొట్టెముక్కలు పారెయ్యరు. టీ మా ఇళ్ళ నుంచి వస్తుంది, గ్లాసులు మా ఇళ్ళకే పోతాయి. పని జరిగే చోటికే పురుగొస్తుంది. ఈ గది కట్టిన నాటి నుంచీ ఇందులో ఏ పనీ జరగలేదు."

మేడమ్ నవ్వు దాచుకోవడానికి తల తుడుచుకుంది. "ఇది ఇస్తారా?"

"ఇది మగవాళ్ళు కూర్చునే చోటు మేడమ్!" అన్నాడు రిడ్మల్. "నలుగురు పెద్దమనుషులు వస్తారు, మాట్లాడుకుంటారు, ధాణీ సంగతులన్నీ..."

"పాల సంగతి కూడా ఇక్కడే మాట్లాడుతాం," అని ఖమూరాం అందుకున్నాడు.

"మాట్లాడింది చాల్లే," అంది ఇమర్తీ. కోడలు కసిరిందన్న కోపంతో తేలు పళ్ళెం వానలోనే వదిలేసి వచ్చిందావిడ. "నా కొడుకు మాట్లాడగా వచ్చిన పాలెన్నో చూశాను."

"సరే ఇద్దామనుకో, కేంద్రం ఎవరి పేరున? పెద్దవాణ్ణి నేను," అన్నాడు రిడ్మల్.

"పొద్దుటి పాలు నావి, సాయంత్రం పాలు కేసీ అక్కవి. ఇద్దరి పేర్లూ రాయండి మేడమ్," అంది ధాపూ. "మిషన్ నడపడం అక్కకి నేను నేర్పుతాను."

"ముందు దాని మీట చూపించు, ఎటు తిప్పాలో నేనే కనుక్కుంటాను," అంది కేసీ.

"గది ఎప్పటికి ఖాళీ అవుతుంది?" అని మేడమ్ అడిగింది.

రిడ్మల్ గొంతు సవరించుకున్నాడు. "గోడా, మరదలితో చెప్పు, పెద్దల్ని అడిగి, పంట చేతికొచ్చాక, ఒక మంచిరోజు చూసి..."

ధాపూ గోడవైపు తిరగలేదు. ముసుగు రెండువేళ్ళతో నుదుటి దాకా ఎత్తి, బావగారి ముఖంలోకి సూటిగా చూసింది. పెళ్ళై వచ్చిన నాటినుంచీ ఆమె కళ్ళు అతను చూడలేదు, ఆమె గొంతు అతనివైపు రాలేదు.

"బావగారూ, మంచం ఎత్తండి."

రిడ్మల్‌కి కోపం వచ్చేలోపే ఆశ్చర్యం వచ్చింది. ఆ ఆశ్చర్యంలో చేతులు వాటంతట అవే మంచం పట్టుకున్నాయి. రెండోవైపు పట్టమని తమ్ముడికి సైగ చేశాడు. ఖమూరాం పెళ్ళాం ముఖం చూశాడు, వదిన ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు, పట్టాడు. వాన సన్నబడే వేళకి మంచం, దిండ్లు, నలుగురు పెద్దమనుషుల కోసం ఉంచిన చాపలు అన్నీ కోట్డీ మెట్లు దిగి, ధాపూ ముందుగదిలోకి చేరాయి. మిషన్ ఆ వారంలోనే వచ్చింది. దాని తెల్లటి పెట్టె ముందు తెల్లవారుజామునా, సాయంకాలమూ క్యాన్ల వరుస నిలిచింది, అంకె పైకి చదివినప్పుడల్లా ఆడవాళ్ళు తోసుకుంటూ తొంగి చూశారు.

మగవాళ్ళు మాత్రం ఆ వానాకాలమంతా ముందుగదిలో మంచం మీది నుంచి కాళ్ళు కిందికి దించకుండా కూర్చున్నారు, ఎవరైనా అడిగితే ఏ ప్రాణినీ తొక్కకూడదని వ్రతం పట్టామని చెప్పారు.